ఏమీ వేయని మడి

నిజామాబాద్,
ఏప్రిల్ చివరి ఆదివారం

ప్రియమైన భానూ,

ఫోన్‌లో అయితే నేను సగం చెప్పేలోపే ఓదార్చడం మొదలుపెడతావు. ఆ ఓదార్పు వినే ఓపిక కూడా లేక రాస్తున్నాను. మోస్రాలో చిన్నమ్మ పొలంలో యాసంగి పంట కోసేశాం. నా పరీక్ష తేలిపోయింది. ఏమీ లేదని తేలింది.

కందికీ పెసరకూ వేళ్ళలోనే గాలి నుంచి నత్రజని పట్టిచ్చే సూక్ష్మజీవులు ఉంటాయి, వరికి ఆ భాగ్యం లేదు, దానికీ అలాంటి తోడు ఒకటి తయారుచేద్దాం అని బయలుదేరినదాన్ని. జన్యువులు మార్చి, ల్యాబులో బతికించి, అనుమతుల కోసం కాళ్ళరిగేలా తిరిగి, చివరికి మా అమ్మ చెల్లెలు కదా అని రేణుక చిన్నమ్మను బతిమాలి రెండు మళ్ళు తీసుకున్నాను. రెండింటికీ యూరియా లేదు. ఒకదానికి నా సూక్ష్మజీవిని పట్టించిన నారు, రెండోదానికి మామూలు నారు. మొదటిది పచ్చగా ఉండి రెండోది పాలిపోతే నేను గెలిచినట్టు.

మొదట్లో అలాగే ఉంది కూడా. తర్వాత రెండోది కూడా మెల్లగా పచ్చబడింది. తూకం వేస్తే రెండూ ఒకటే. అది ఒకప్పటి చెరకు పొలం కదా, చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఎరువుగా పోసిన చెరకు మడ్డి బలం నేలలో ఇంకా ఉంది, రెండింటికీ అదే తిండి పెట్టింది, నీ సూక్ష్మజీవి చేసిందేమీ లేదు అన్నారు నా పరిశోధన చూసే మా సార్. ఆయన గొంతులో కోపం కూడా లేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఇక చాలు భానూ. పెళ్ళయ్యాక మనం ఒక ఇంట్లో ఉన్నది పండగలకే. నాగ్‌పూర్ వచ్చేస్తాను. అక్కడి విత్తనాల కంపెనీ వాళ్ళు రమ్మన్నారని చెప్పాను కదా, ఒప్పుకుంటాను. ఇల్లు చూడు. వంటింట్లోకి కాస్త వెలుతురు వస్తే చాలు, ఇంకేమీ అడగను. ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకు. ఏడవడానికి కూడా విసుగ్గా ఉంది.

నీ దగ్గరికి వస్తున్న,
దీక్షిత


నిజామాబాద్,
మే, ఎండ మండుతోంది

భానూ,

ఇల్లు దొరికిందని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. జవాబు ఇవ్వకుండా ఉండిపోయినందుకు తిట్టుకుంటూ ఉంటావు. ఈ ఉత్తరం చదివాక ఇంకా తిడతావు.

చిన్నమ్మకు చెప్పి వద్దామని మోస్రా పోయాను. అన్నం పెట్టింది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. పరీక్ష పోయింది, రెండు మళ్ళూ సమానంగా పండాయి అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. రెండూ మంచిగా పండితే ఏడుపెందుకు అంది. అప్పుడు మొదటిసారి విడమరిచి చెప్పాను. రెండో మడి పండకూడదనే పెట్టాం చిన్నమ్మా, అది పాలిపోతేనే మొదటిదాని సత్తా తెలిసేది అని. నాట్లప్పుడు నేను చెప్పిందల్లా దానికేమీ వేయకండి అని మాత్రమే. ఎందుకో చెప్పలేదు. తన పొలంలో మడి పండకూడదని కోరుకునే మనిషి ఉంటుందని ఆమె ఎలా అనుకుంటుంది?

చిన్నమ్మ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసి, తల దించుకుని చెప్పింది.

"గా మడి పాలిపోతుంటే సూడబుద్ధి కాలే బిడ్డా. సొసైటీ కాడ లైన్ల చెప్పులు పెట్టి తెచ్చిన యూరియా బస్తా ఉండె. దాంట్లకెల్లి తీసి సల్లిన. నువ్వు వద్దన్నవని మీ చిన్నాయనకు గూడ చెప్పలే."

రెండు మళ్ళకూనా అని అడిగాను.

"నీ మందు పెట్టినదాన్ని నేనెందుకు ముడ్త? దానికి నువ్వున్నవ్. గీనికెవరున్నరు?"

నాకు ముందు నవ్వొచ్చింది భానూ. తర్వాత గడప మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. చిన్నమ్మ తప్పు చేశానని హడలిపోయి నా వీపు నిమురుతూ కూర్చుంది. యూరియా తిన్న మడితో, ఏ యూరియా లేని నా మడి సమానంగా పండింది. చిన్నమ్మ తప్పు కాదిది అని ఎలా చెప్పాలో తెలియక ఆమె చేతులు పట్టుకున్నాను.

సార్‌కు చెప్పాను. ఒక ఆడమనిషి మాట పట్టుకుని ఫలితం రాయలేం దీక్షితా, మళ్ళీ వేసి చూపించు, అంతవరకు ఇది పోయిన పరీక్షే అన్నారు. ఆయన అన్నది నిజం. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే అంటాను.

అందుకని రాలేను. ఈ వానకాలం మళ్ళీ నాటుతాను. కంపెనీ వాళ్ళకు కుదరదని రాసేశాను, నీకు చెప్పకుండానే. ఆ ఇల్లు వదిలేయమని ఎలా అడగాలో తెలియడం లేదు. నువ్వు ఎన్ని ఇళ్ళు ఎక్కి దిగి ఉంటావో తెలుసు. చిన్నమ్మ మళ్ళు ఇస్తానంది కానీ ఆ రెండో మడి వైపు తాను రానంది. నీళ్ళు పెట్టడానికి చిన్నాయనను తోలుతుందట. దాని పక్కన నేనే కూర్చోవాలి, పాలిపోతుంటే చూస్తూ.

అలసట ఎక్కడికీ పోలేదు. నడుము నొప్పి, నిద్ర లేకపోవడం, నిన్ను మళ్ళీ బాధపెడుతున్నానన్న దిగులు, అన్నీ ఉన్నాయి. కానీ అది పనిచేసింది భానూ. పరిశోధన కాగితాల్లో ఎక్కడా రాయలేను. సార్ దగ్గర గట్టిగా అనలేను. ప్రపంచంలో ఒక్క మనిషికైనా ఈ మాట చెప్పాలి కదా, నీకు చెబుతున్నాను.

కోపం తగ్గాక ఒకసారి వచ్చిపో.

నీ
దీక్షిత