పుస్తకంలో లేని కీర్తన

ఆగమన కాలం, రెండో ఆదివారం సాయంత్రం

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది వందనాలతో రాసుకుంటున్న సంగతులు. మేమంతా కులాసా. మీరూ, అక్కా, పిల్లలూ చల్లగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను. ఇంతవరకూ మర్యాద. ఇంకో వాక్యం ఇలాగే రాస్తే ఉత్తరం అవతల పారేస్తావు కాబట్టి, ఇక ‘నువ్వు’ అనే రాస్తాను బావా.

ఆరేళ్లలో ఇది నా తొమ్మిదో ఉత్తరం. జవాబు రాలేదని దెప్పడం లేదు. బైండింగ్ షాపులో ఓనరు నిన్ను తిడుతుంటే పక్కనే ఉండి నోరు మెదపలేదని నీ కోపం. అందులో తప్పేం లేదు.

ఈ ఉదయం చర్చిలో, క్రిస్మసుకు ముందు వెలిగించే నాలుగింటిలో రెండో కొవ్వొత్తి వెలిగించారు. పాస్టరుగారు మళ్లీ ఆ డెబ్బై రెండో కీర్తనే తీశారు. మనం బైండు చేసిన మూడు వందల కీర్తనల పుస్తకాలే ఇంకా వాడుతున్నారు. వాటిలో ఆ కీర్తన ఉండాల్సిన పదహారు పేజీల మడత, ఆ ఫారం లేదు, దాని ముందు ఫారమే రెండుసార్లు ఉంది. అందరూ అలవాటుగా పుస్తకాలు మూసేసి విన్నారు. చూసి దాటించాల్సింది మేస్త్రీ కనక తప్పు నీదేనని నిన్ను పనిలోంచి తీసేసిన సంగతి ఇప్పుడెవరూ ఎత్తరు. కానీ అప్పట్లో అక్క కూర్చునే బెంచీ వైపు ఒకరిద్దరైనా చూస్తారు. నేనూ చూస్తాను.

పాస్టరుగారు బాగా చెప్పారు. అది ఒక రాజు గద్దెనెక్కినప్పుడు పాడిన పాటట. పేదవాడికి న్యాయం చెయ్యాలనీ, దిక్కులేనివాడి తరఫున నిలబడాలనీ, కోసిన గడ్డి మీద వానలా దిగి రావాలనీ కోరారట. ఎంతమంది రాజులు మారినా ఆ పాట ఎవరికీ సరిపోలేదట, నాన్న చొక్కా పిల్లాడికి తొడిగినట్టు వేలాడిందట. చివరికి అది సరిపోయినవాడు పశువుల పాకలో పుట్టాడు, మళ్లీ వస్తాడు, అందుకే ఈ ఎదురుచూపులన్నారు. నువ్వుంటే ఈపాటికి గుర్రు పెట్టేవాడివి, అక్క మోచేత్తో పొడిచేది. నేను మాత్రం ఆ దిక్కులేనివాడి దగ్గరే ఆగిపోయాను. ఆ తర్వాతవి సగం చెవికెక్కలేదు.

మిమ్మల్ని చూడాలని ఉంది బావా. షాపులో నీ బల్ల దగ్గర ఇప్పుడు నేనే మేస్త్రీని. మైదా జిగురు ఉడుకుతుంటే నువ్వు వెనకే నిలబడి గరిట తిప్పుతున్నట్టు అనిపించి తిరిగి చూస్తాను. ఫారాలు కుట్టే అమ్మాయిలు మూతి ముడిచి నవ్వుకుంటారు. మీరు ఊరొదిలిన రోజు బస్సెక్కుతూ కూడా అక్క నన్ను వేళకి తినమనే చెప్పింది. నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేది.

నాలుగో ఆదివారం మళ్లీ ఆ కీర్తనే, చదివే వంతు నాది. అందరూ రండి. ఒక్క పూట ఉండి వెళ్లిపోయినా సరే. ముందుగది ఖాళీ చేసి మంచాలు వేశాను, దుప్పట్లు ఉతికి ఆరేశాను.

ఇట్లు,
మీ రాక కోసం గుమ్మం వైపే చూస్తున్న
నీ బావమరిది

తా.క.: కవరు అంటించి, మళ్లీ చింపాను. ఆ కీర్తనల పుస్తకాలు కుట్టే రోజు ఫారాల దొంతరలు బల్ల మీద వరసగా పెట్టింది నేను. ప్రెస్సు నుంచి రెట్టింపు వచ్చిన ఒక ఫారాన్ని చూసుకోకుండా రెండు చోట్ల పెట్టాను. నన్ను నమ్మి నువ్వు సరిచూడలేదు. నువ్వింకా ఊళ్లో ఉండగానే, తప్పిపోయిన ఫారాల కట్ట నా స్టూలు వెనక, విప్పకుండా దొరికింది. ఎవరి కంటా పడకుండా ఇంటికి తెచ్చి దాచేశాను. ప్రతి ఉత్తరమూ ఇది రాద్దామనే మొదలుపెట్టాను. నాలుగో ఆదివారం కీర్తన చదివే ముందు, ఓనరు వింటుండగా అందరికీ చెప్పేస్తాను, మీరు వచ్చినా రాకపోయినా. అక్కకి మాత్రం ఆలోపే తెలియాలి. నువ్వే చెప్పు బావా. నా తరఫున ఒక్క మాట కూడా కలపకు.