వసీల్ పేరు ఉన్న వైపు

జోరియా, సస్కాచెవాన్
1997 అక్టోబరు 14

చిరంజీవి తమ్ముడు మెత్రోని దీవిస్తూ అక్క స్తేఫా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా అని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను. మీ బావ పెత్రోకి మోకాళ్ళు, నాకు రక్తపోటు. మా వయసులో అది కులాసా కిందే లెక్క. నీ ఆయాసం ఎలా ఉంది? పొలం వదిలి పదహారేళ్ళయినా ఆ ధాన్యం దుమ్ము ఇంకా ఊపిరితిత్తుల్లోనే ఉందని డాక్టరు అన్నాడని రాశావు. విక్టోరియాలో సముద్రపు గాలి మంచిదంటారు. రోజూ కాసేపు బయట కూర్చో.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. ఒక్కటి మాత్రం ఆఖర్న చెబుతాను, ఓపిక పట్టు.

సర్కారు పత్రం వచ్చింది. యుద్ధంలో పోయిన మన రాష్ట్రం కుర్రాళ్ళ పేర్లు ఉత్తరాన సరస్సులకీ దీవులకీ పెడుతున్నారు కదా, మన వసీల్ అన్నయ్య వంతు, వాడు పోయిన యాభై మూడేళ్ళకి వచ్చింది. 'హ్రించుక్ సరస్సు' అట. పటంలో చీమ తలకాయంత నీలి చుక్క. గోడకి తగిలించాను. "ముప్పై ఏళ్ళు వాడి పొలానికి కాపలా కాశాను, ఇప్పుడు సరస్సు కూడా వచ్చింది, దానికెవరు కాపలా?" అని రాశావే, ఆ ముక్క పెత్రోకి చదివి వినిపించాను. ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అక్కడికి వెళ్ళి అన్నయ్య పేరు చెక్కిన రాగి పలక పెట్టి రమ్మన్నావు. నీళ్ళమీద దిగే విమానాలు నడిపే ఆయనకి ఫోన్ చేశాను. పటం చూసి, "అమ్మా, అది మరీ చిన్నదండీ. దిగితే మళ్ళీ పైకి లేవడానికి నిడివి చాలదు. పైనుంచి ఓ చుట్టు తిప్పుతాను, కావాలంటే ఫొటో తీసుకోండి" అన్నాడు.

"నడిచి వెళ్ళలేమా?" అన్నాను.

"అంతా బురద, రాళ్ళు. మీ వయసులోనా?"

పలక ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

ఇక చర్చి సంగతి. పోయినవాళ్ళకి పాడే పానఖీదా మన అన్నయ్యకి ఇన్నాళ్ళూ ఎందుకు పాడించలేదో నీకు తెలుసు. యుద్ధశాఖ వాళ్ళు "మరణించినట్టు భావిస్తున్నాం" అని కాగితం పంపితే అమ్మ ఎగిరిపడింది. "భావిస్తున్నారట! కళ్ళతో చూశారా? బతికున్నవాడికి పానఖీదా పాడిస్తే మన చేత్తో మనం చంపుకున్నట్టే. నేను పాడించను." కన్నుమూసేదాకా పాడించలేదు. ఆ తర్వాత మనకీ ధైర్యం చాలలేదు.

మొన్న ఆదివారం పాడించాం. మూడు రొట్టెలు కాల్చాను, గోధుమలు ఉడికించి తేనె కలిపాను. చర్చి మెట్లమీదే పక్క పొలం పరాస్కా పట్టుకుంది. ఎనభై దాటినా దాని నోరు తగ్గలేదు.

"ఏమే స్తేఫా, మీ అన్న పేరు సరస్సుకి పెట్టారటగా! మా ఆయన యాభై ఏళ్ళు దున్నాడు, ఒక్క నీటిగుంటకైనా ఆయన పేరు పెట్టారా?"

"దానికి చచ్చిపోవాలి పరాస్కా."

"చచ్చాడు కదే, అయిదేళ్ళయింది!"

లోపల పీఠం పక్కన అన్నయ్య ఫొటో పెట్టారు. ఆ సైనిక టోపీ, ఆ పక్కచూపు నవ్వు. ఫాదర్ బోహ్దాన్ మన ఊరికి కొత్త. ప్రార్థనలో చదివే పేర్ల పుస్తకం ఇవ్వమన్నాడు, అమ్మ పుస్తకం ఇచ్చాను. ఎడమ పుటలో బతికున్నవాళ్ళు, కుడి పుటలో పోయినవాళ్ళు. ఎడమ పుటలో మొట్టమొదటి పేరు వసీల్, అమ్మ వంకర అక్షరాలతో. దాన్ని కుడివైపుకి మార్చాలని ముందురోజు కలం పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. పోనీ ఫాదర్‌కి నోటితోనైనా చెప్పాలి కదా, అదీ చెప్పలేదు.

ఆయన ముందు ఎడమ పుట అందుకున్నాడు. "దైవసేవకుడు వసీల్‌కి ఆరోగ్యం, దీర్ఘాయువు" అని చదివేశాడు. పాటవాళ్ళు అలవాటు కొద్దీ 'ఏళ్ళకేళ్ళు బతకాలి' అని ఎత్తుకున్నారు. జనమంతా లేచి గొంతు కలిపారు. ఇరవై మూడేళ్ళకే పోయినవాడి ఫొటో ముందు నిలబడి, ఏళ్ళకేళ్ళు బతకాలని పాడాం మెత్రో. నేనూ పాడాను. పరాస్కా "ఆపండర్రా!" అని అరిచేదాకా ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఫాదర్ నొచ్చుకున్నాడు. "పేరు బతికున్నవాళ్ళ వైపు ఉందమ్మా. ఎవరు రాశారు?"

"మా అమ్మ" అన్నాను. అది సగం నిజం.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్నకి వస్తాను. అన్నయ్య నడిపిన యుద్ధవిమానంలోంచి బతికి బయటపడ్డ ఒకాయన 1946లో అమ్మకి ఉత్తరం రాసినట్టు యుద్ధశాఖ కాగితాల్లో ఉందని, అది మనకి చేరిందా అని అడిగావు.

చేరింది. మార్చి నెల. నువ్వు బడికి వెళ్ళావు, నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. నాకు పద్నాలుగేళ్ళు. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఏ కాగితమొచ్చినా చదివి చెప్పేది నేనే. అమ్మ బంగాళాదుంప కూరిన వరెనికీలు ఒత్తుతోంది. "చదవవే, త్వరగా చదువు" అంది. ముందు నాలో నేను చదువుకున్నాను. విమానానికి నిప్పంటుకుందట. మిగతావాళ్ళంతా దూకేదాకా వసీల్ దాన్ని వాలిపోకుండా పట్టుకున్నాడట. ఆఖర్న ఈ ఉత్తరం రాసినాయన్ని భుజం పట్టి బయటికి తోశాడట. పారాచూట్ విచ్చుకున్నాక ఆయన చూస్తుండగానే విమానం మండుతూ సముద్రంలో పడింది. అందులోంచి ఇంకెవరూ దూకలేదు. చివరి వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు: "అమ్మా, మీరు ఎదురుచూడకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను."

తలెత్తాను. అమ్మ పిండి చేతులు అలాగే గాల్లో పట్టుకుని నా నోటికేసి చూస్తోంది.

"దూకే ఉంటాడట. ఎదురుచూడండి అంటున్నాడు" అని చదివాను.

అమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చింది. నా జడంతా పిండి. ఆ సాయంత్రమే కొత్త పుస్తకం తీసి, అన్నిటికన్నా ముందు వసీల్ పేరు ఎడమవైపు రాసింది.

వారం పోయాక చెబుదామనుకున్నాను. ఈస్టర్ పోయాక అనుకున్నాను. ఆ తర్వాత పెళ్ళి చేసుకుని పెత్రో ఇంటికి వచ్చేశాను. నువ్వు అమ్మ దగ్గర మిగిలిపోయావు. పెళ్ళి చేసుకుందామని లేస్యా నిన్ను ఎడ్మంటన్ రమ్మన్నప్పుడు నా వంటింట్లోనే కదా ఆ పిల్లతో చెప్పావు, "వసీల్ రానీ, వాడి పొలం వాడికి అప్పగించి వస్తాను. రెండేళ్ళు ఆగు" అని. పాపం, నాలుగేళ్ళు ఆగింది. ఆ రోజు నేను మీ ఇద్దరికీ టీ పోశాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఈపాటికి నీకు మనవలుండేవాళ్ళు. ఆ దుమ్మూ నీ ఊపిరిలో ఉండేది కాదు.

అమ్మ కోసం అబద్ధమాడానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ పోయాక కూడా పదహారేళ్ళు దాచాను, అది ఎవరి కోసం? క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నువ్వు క్షమించినా ఆ ఏళ్ళు తిరిగి రావు.

ఆ ఉత్తరం ఇందులో పెడుతున్నాను. మూల కాలి ఉంటుంది, ఒకసారి పొయ్యిలో పడేసి మళ్ళీ తీశాను. అమ్మ పుస్తకం కూడా పంపుతున్నాను. వసీల్ పేరు నిన్న కుడివైపు రాశాను. ఎడమవైపు అమ్మ రాసుకున్న పిల్లల పేర్లలో ఇక నీదీ నాదీ మిగిలాయి. నా పేరు ఎటు రాసుకుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
ఇది చదివాక కూడా ఆ పిలుపు మిగిలి ఉంటే, నీ అక్క
స్తేఫా