మొదటి చల్లని గుక్క

లెస్టర్‌కి,

శనివారం మీ అన్న రూఫస్ సమాధి మీద పొయ్యడానికి ఖరీదైన బీరు తెస్తానని రాశావు. వద్దు. నువ్వు బీరు పోటీల్లో న్యాయనిర్ణేతవే, కాదనను. కానీ రూఫస్ ముప్పై ఏళ్లు తాగింది మన మిల్వాకీ ఊళ్లో వీధిచివర కొట్లో కాగితం సంచిలో చుట్టి ఇచ్చే మాల్ట్ లిక్కర్ అనే చవక ఘాటు బీరు, ఆ పెద్ద సీసా.

"మొక్కజొన్న ఉడికించిన నీళ్లలో తుప్పు మేకు వేసినట్టుంది అన్నయ్యా!" అని నువ్వు వెక్కిరించేవాడివి. "చల్లగా ఉన్నంతసేపూ అమృతంరా. వెచ్చబడితే మాత్రం నువ్వన్నదే నిజం," అనేవాడు మీ అన్న.

అందుకే గబగబా తాగేసి, అడుగున వెచ్చబడ్డ నాలుగు గుక్కలు చచ్చిపోయిన స్నేహితుల పేరు చెప్పి నేల మీద పోసేవాడు. "సిగ్గులేదూ, వాళ్లకి అడుగుదా పోసేది?" అని నేనంటే, "ఇంతవరకూ ఎవడూ వచ్చి అడగలేదులే," అని నవ్వేవాడు.

ఈసారి అలా కుదరదు. సీసా మంచుగడ్డల్లో పెట్టి నేనే తెస్తాను. మూత తియ్యగానే పైన ఉన్న చల్లనిదంతా ఆయనకే పోస్తాను. మిగిలింది వెచ్చబడేదాకా కూర్చుని ఆయన కబుర్లు చెప్పుకుందాం.

ఆ తర్వాత అడుగుది మనిద్దరం తాగాలి. మొహం చిట్లించినా సరే, మార్కులు మాత్రం వెయ్యకు.

మీ వదిన