నాకు ఒత్తిడి ఉన్నదని ధ్రువీకరించుట గురించి

సంక్షేమాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఒత్తిడి లేనివారి జాబితా నుంచి నా పేరు తొలగించి, వారానికొక పూట మా నాన్న దగ్గర కూర్చోవడానికి ఒక మనిషిని పంపుట గురించి.

నేను క్షేమమని రాయడం మర్యాద. తప్పుడు వివరాలిస్తే చర్య తప్పదని మీ ఫారం అడుగున ఉన్నందున ఆ మాట వదిలేశాను.

1. ఇంట్లో రోగులను చూసుకునేవారి మనశ్శాంతి కోసం తమరు మూడు శిబిరాలు జరిపితిరి. రోగిని వెంట తేరాదని, ఒంటరిగా వదిలి రారాదని నోటీసులో ఉన్నది. రెండు నిబంధనలూ పాటించి ఇంట్లోనే ఉన్నాను. మూడింటికీ గైర్హాజరు కనుక నాకు ఒత్తిడి లేదని తమ కార్యాలయం తేల్చినది.

2. మా నాన్న రిటైరైన హెడ్ క్లర్కు. మతిమరుపు జబ్బులో నన్ను మరిచారు గాని ఆఫీసును మరవలేదు. రాతపూర్వకంగా అర్జీ పెట్టనిదే మాత్ర మింగరు. పూటకొకటి రాస్తున్నాను. నిన్న స్నానం అర్జీని మార్జిన్ వదలలేదని తిప్పి పంపారు.

3. వృత్తిరీత్యా నేను దర్జీని. గత వారం ఎదురింటి మాస్టారి చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టితిని. ఆయన కోప్పడలేదు. నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా అని అడిగారు. లెక్క తేలక అక్కడే ఏడ్చేశాను.

4. తమ సహాయవాణికి ఫోన్ చేయగా, కళ్లు మూసుకుని లోతుగా ఊపిరి పీల్చమన్నారు. పీల్చాను. కళ్లు తెరిచేసరికి నాన్న తలుపు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. మూడు వీధులు వెతికితే దొరికారు. వెతుకుతున్నప్పుడు, దొరక్కపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అయ్యా, నాకు నా మీదే భయం వేసింది. దాన్ని రాయడానికి మీ ఫారంలో గడి లేదు.

కావున ఉపన్యాసం వద్దు, కరపత్రం వద్దు. ఒక మనిషి, ఒక పూట. ఆ పూట నేను పడుకుంటాను.

పక్క టేబుల్‌కు తోసే ముందు ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో అంతస్తు దర్జీ

తా.క.: ఇది టేబుల్ మీద పెట్టి కవరు కోసం వెళ్లి వచ్చేలోపు నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. రెండు అక్షరదోషాలు దిద్దారు. పాపం, మీ నాన్న మహా మొండిఘటంలా ఉన్నారే అన్నారు. అడుగున "నెల రోజులు సెలవు మంజూరు" అని రాసి సంతకం చేశారు. కాగితం నా చేతికిస్తూ ఆగారు.

"సెలవైతే ఇచ్చానమ్మా. మరి ఈ నెల రోజులూ ఆయన్నెవరు చూసుకుంటారు?"

పై అధికారి అడిగిన ప్రశ్న. జవాబు తమరే ఇప్పించగలరు.