మూడో తరగతి గది కప్పు కింద రాసిన వీలునామా

ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలినైన నేను, ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, తెలివి తిన్నగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు చావాలన్న కోరిక లేదు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను కూర్చునే చోటు అలాంటిది. అందుకే ముందుగా రాసి పెడుతున్నాను.

1. అసలు సంగతి మొదట చెప్పకపోతే మిగతాదంతా పిచ్చిదాని రాతలా ఉంటుంది. నిరుడు వానలకు మూడో తరగతి గది దూలం బీటలువారింది. పెద్ద పెళ్ల ఊడి చివరి బెంచీ మీద పడింది. అక్కడ కూర్చునే ఎడమచేతివాటం పాప మంచినీళ్లకని లేచి వెళ్లింది కాబట్టి బతికింది. ఆ రోజే పిల్లల్ని వరండాలోకి మార్చాను. అక్కడ ఎండ, జల్లు, లారీల మోత. మార్కులు పడిపోయాయి. మార్కులు తగ్గిన బడికి మరమ్మతు నిధులు ఇవ్వరాదని జిల్లా పాఠశాలల సంఘం తీర్మానించింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, గది ఖాళీగా ఉంటే ఒక టీచరు పోస్టు కూడా తీసేస్తామని ఉత్తర్వు వచ్చింది. అందుకని నా బల్ల, కుర్చీ తెచ్చి ఈ గదిలో వేసుకున్నాను. గది ఖాళీగా లేదు. నేనున్నాను.

2. నా స్వార్జితమైన ఇల్లు నా మరదలికి, అంటే నా తమ్ముడి భార్యకు, సర్వహక్కులతో చెందవలసినది. ఆమె ఒక్కదాని పేరనే ఉండాలి. తమ్ముడు నాతో మాటలు మానేశాక కూడా నాకు క్యారియర్ పంపడం మాననిది ఆమె.

3. నా తమ్ముడు ఆ సంఘానికి అధ్యక్షుడు. తీర్మానానికి మొదట చెయ్యెత్తింది వాడే. "కాసే చెట్టుకే కదక్కా ఎరువేస్తారు" అన్నాడు. "మరి మొక్కకి నీళ్లెవరు పోస్తార్రా?" అన్నాను. మా మధ్య అవే ఆఖరి మాటలు. మా ఇద్దరికీ అక్షరాలు వచ్చింది ఈ బడిలోనే. ఉరిమితే చాలు, వాడు తన తరగతి వదిలి పరుగెత్తుకొచ్చి ఈ గదిలో నా పక్కన ఇరుక్కుని కూర్చునేవాడు. వాడికి నా కుర్చీ ఇస్తున్నాను. విరగకుండా దొరికితే దాని మీద కూర్చునే సంఘం సమావేశాలు నడపాలి. విరిగి దొరికితే విరిగినట్టే ఇవ్వాలి, మేకు కొట్టించకూడదు. నా ఉన్ని దుప్పటి కూడా వాడికే. వాడికి చలి ఎక్కువ.

4. బ్యాంకులో ఉన్న నా పొదుపుతో ఈ కప్పు వేయించకూడదు. మంచి మనసుతో ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. వేయాల్సింది జిల్లా. ఒక టీచరు పోయాక ఆమె డబ్బుతో కప్పు పడిందని తెలిస్తే, పక్క బడికి కూడా ఒక టీచరు చావు కోసం కాచుక్కూర్చుంటారు. ఆ డబ్బుతో వకీలును పెట్టి సంఘం మీద దావా వేయాలి. ప్రతివాది నా తమ్ముడే అవుతాడు, మరదలు నన్ను క్షమించాలి. నేను మంచాన పడి జ్వరంతో పోయినా సరే, దావా ఆపకూడదు.

5. ఇంట్లో కిటికీ దగ్గరున్న నా రాతబల్ల ఎడమచేతివాటం పాపకు. పక్కవాళ్ల మోచెయ్యి తగులుతుందని చివరి బెంచీకి పోయి కూర్చునేది. ఈ బల్ల దగ్గర ఏ మోచెయ్యీ తగలదు.

6. కప్పు పరీక్షించడానికి వచ్చిన ఇంజనీరుకు పిల్లలు "చూద్దాంగారు" అని పేరు పెట్టారు. వచ్చిన ప్రతిసారీ గుమ్మం బయటే నిలబడి, మెడ చాచి, "ఇంకొన్నేళ్లు ఆగుతుంది, చూద్దాం" అన్నారు. ఆయనకు నా గొడుగు. ఎప్పుడైనా గదిలోకి రావాలనిపిస్తే వేసుకుని రావచ్చు.

7. ఈ వీలునామా అమలు చేయవలసింది రెండో తరగతి టీచరు. అమ్మాయీ, ఇది నీకే చెబుతున్నాను. ఇదివరకు వాన పడితేనే దూలం చిటపటలాడేది. ఈ వారం ఎండలో కూడా మూలుగుతోంది. మళ్లీ ఉత్తర్వు వచ్చింది: నేను బల్ల వేసుకుంటే చాలదట, సోమవారం తనిఖీ నాటికి పిల్లలే లోపల ఉండాలట. నేనుండగా ఉండరు. నేను లేకపోతే గది తాళం నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ ఇవ్వకు. ఉద్యోగం ఊడుతుందని బెదిరిస్తారు. నీకు ఇద్దరు పిల్లలున్నారని తెలుసు. అయినా ఇవ్వకమ్మా.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఇదే మొదటిది, ఇదే చెల్లవలసినది.

జులై తొమ్మిది, గురువారం, మధ్యాహ్నం బడి నడుస్తుండగా.

(సంతకం)
ప్రధానోపాధ్యాయురాలు

సాక్షులు:
1. బడి ఎదుటి కొట్టులో దర్జీ (సంతకం)
2. ఈ వీధి పోస్ట్‌మ్యాన్ (సంతకం)

దర్జీ చేతిరాత: అమ్మగారు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కిటికీ బయట నిలబడి ఆమె సంతకం చేయడం చూశాం, వరండాలో పిల్లల మధ్య కూర్చుని మేం చేశాం. వెళ్లేటప్పుడు "మీరూ బయటికి వచ్చేయండమ్మా" అని పిలిచాం. "బడి వదలనీ" అన్నారు.