గుహుడి కాసు

మలాజ్, రియాద్,
12 ఆగస్టు 2025

చి.ల.సౌ. సుప్రజకు అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. మరిదిగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను. ఫోనులో నా నెంబరు ఆపేశావు కాబట్టి, మా ఇంట్లో పనిచేసే మహబూబ్బీ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. సెలవు మీద కడప వెళ్తోంది. హైదరాబాదులో దిగగానే మీ ఇంటికి వస్తుంది. కాస్త భోజనం పెట్టి పంపు.

మనిద్దరికీ మాటలు పోయింది అమ్మ కాసు గురించే కదా, ఆ సంగతే రాస్తాను. మొన్న వరలక్ష్మీ వ్రతానికి దాన్ని కలశం దగ్గర పెట్టాను. ప్రసాదానికి పక్క ఫ్లాట్ అనురాగ్ దంపతులు వచ్చారు. అతనికి పాత నాణేల పిచ్చి. చేతిలోకి తీసుకుని, ఇది లక్ష్మీకాసు కాదండీ, ఐదొందల ఏళ్ల కిందట రోములో పోప్ వేయించిన బంగారు నాణెం, చాలా అరుదు అన్నాడు. దాని మీద పడవలో ఉన్నది గుహుడని అమ్మ చెప్పేదా, కాదట. ఏసు శిష్యుడు పేతురట, చేపలు పడుతున్నాడట. వెనక ఉన్నవి లక్ష్మీదేవి బోషాణం తాళాలు కావట, పోప్ గారివట. బందరు రేవులో డచ్చివాళ్ల దగ్గర మన పూర్వీకులెవరో సంపాదించి ఉంటారన్నాడు.

ఇంత మంచి నాణేన్ని ఎవరిలా అరగదీశారని తెగ బాధపడిపోయాడు. ఎవరని చెప్పను. అమ్మమ్మ, అమ్మ, ఆ తర్వాత నేను, ఏటా శ్రావణంలో కలశం చెంబుతో పాటు చింతపండేసి తోమాం. పేతురుకి ముక్కూ మొహం లేకుండా చేశాం. నిజానికి నవ్వు రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. ఈమధ్య నాకేదీ అనిపించడం లేదు సుప్రజా. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడుతున్నాను.

కాసు నువ్వే ఉంచుకో. అమ్మ నాకే ఇచ్చిందని కష్టపెట్టుకున్నావు, అందులో న్యాయం ఉంది. పేరంటాళ్లు అడిగితే గుహుడనే చెప్పు, అమ్మ మాట పోనివ్వకు. పసుపు గుడ్డలో మూటగట్టి మహబూబ్బీకి ఇస్తున్నాను. అందిందని ఒక్క మాట చెబితే చాలు.

ఇట్లు,
మీ అక్క
చాముండేశ్వరి

తా.క. మేమంతా కులాసా అని రాశాను, నిజం కాదు. మీ బావగారు మార్చిలోనే వేరే మనిషితో వేరే ఇంటికి మారిపోయారు. ఇక్కడ నేనుండేది ఆయన ఇకామా, అదే నివాస పర్మిట్ మీదే కాబట్టి, నిన్న నాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించారు. ఈ దేశంలో ఇక ఉండటానికి లేదు. మహబూబ్బీ చేత ఈ ఉత్తరం మాత్రమే పంపుతున్నాను, కాసు ఇవ్వడం లేదు. వచ్చే బుధవారం నేనే తెస్తున్నాను. అది తీసుకుని నన్ను గుమ్మంలోంచే పంపేయకు. వెళ్లడానికి నాకింకో ఇల్లు లేదు.