ఉతికేసిన వరద

అక్కా,

మేమిద్దరం క్షేమం. ఆ మాట ముందే రాస్తే మిగతాది నువ్వు నెమ్మదిగా కూర్చుని చదువుకుంటావు. ఇంటి కింద మన లాండ్రీలోకి వరద నీళ్ళు నడుమెత్తు వచ్చాయి. మేడ మీద ఉండబట్టి బతికిపోయాం. నీళ్ళు తగ్గాక దిగి చూస్తే ఉతికే యంత్రాలు, ఇస్త్రీ బల్లలు, అల్మరాలు, జనం ఇచ్చిన బట్టలు, అన్నీ ఒకే రంగు. నాకేం కాలేదు, నిద్ర కాస్త తగ్గింది, అంతే.

దెబ్బతిన్న చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం సాయం చేస్తుందని మైకులో చెప్పారు. కొంత తిరిగి కట్టక్కర్లేదు, మిగతాది తక్కువ వడ్డీకి అప్పు. అయితే ఆఫీసరు వచ్చి నష్టాన్ని కళ్ళారా చూసేదాకా దేన్నీ కదపొద్దన్నారు. దాంతో వీధి వీధంతా బురదకి కాపలా కాస్తోంది. ఎదురుగా ఉన్న టైర్ల కొట్టాయనైతే, బురద ఎండి రాలిపోతోందని పైన నీళ్ళు చల్లుతున్నాడు.

ఇక నీ మరదలు ఏం చేసిందంటే, ఉతికేసింది. బురద గుడ్డకి వేడి తగిలితే మరక ఇక పోదట, అందుకని చన్నీళ్ళలో జాడించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ జాడించి, నీళ్ళు తేరేదాకా చేతులతోనే ఉతికింది. "మతిపోయిందా నీకు? ఆఫీసరు రాకుండా ముట్టుకోవద్దన్నారు కదా" అని తిట్టాను. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. బట్టలయ్యాక అల్మరాలు తుడిచింది, బల్లలు కడిగింది, నేల తోమింది. నన్నూ వదల్లేదు, నా నడుం విరిగింది. వాళ్ళ పెళ్ళికోట్లు, పిల్లల యూనిఫారాలు కొత్తవాటిలా చేతికొస్తుంటే జనం గుమ్మంలోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే, ఇలాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ అక్కా, మా నష్టానికున్న రుజువంతా ఉతికి తాడు మీద ఆరేసింది.

సాయం రాకపోతే కొత్త యంత్రాలు కొనలేం. కొనలేకపోతే కొట్టు మూతే. అందుకే అడుగుతున్నాను. బావ గోడౌనులో ఉద్యోగం ఖాళీగా ఉందన్నావు, నాకిప్పించు. ఈమెకింకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

నీ తమ్ముడు

అక్కా,

నీ జవాబు అందింది. బావ సరేనన్నందుకు సంతోషించాలి. ముందు ఇక్కడ జరిగింది విను.

ఆఫీసరమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఎండకి కమిలిన మొహం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని నేను అప్పటికే ఆశ వదిలేసుకున్నాను. గుమ్మంలో నిలబడి తళతళలాడే నేలనీ మడతపెట్టిన బట్టల్నీ చూసింది.

"ఇక్కడికి వరద వచ్చిందాండీ?"

"వచ్చిందండి. ఉతికి పంపించేశాం" అంది నీ మరదలు.

ఆవిడ నవ్వలేదు. "మేం వచ్చేదాకా ఆగమన్నారు కదా. ఎందుకాగలేదు?"

నీ మరదలు నావైపు చూసి, "నాకు మురికి పడదండి" అంది.

ఇంకొకరైతే నష్టం లేదని రాసుకుని పక్క కొట్టుకి పోయేవారు. ఈవిడ చొక్కా చేతులు పైకి మడిచి, "స్క్రూడ్రైవరుందా?" అంది. యంత్రం వెనక రేకు విప్పించింది. పైపైన ఎంత తుడిచినా మోటారు లోపలికి చెయ్యి పోదు కదా, రేకు ఊడగానే బురదముద్ద ఆవిడ బూటు మీద పడింది. "ఇదిగో, వచ్చింది" అని ఫోటో తీసుకుంది. ప్రతి యంత్రం దగ్గరా గొంతుక్కూర్చుని, చేత్తో తడిమి మరీ రాసుకుంది.

అల్మరాలు, బల్లలు మాత్రం రాయనంది. "మీరు బాగుచేసుకున్నవాటిని పాడయ్యాయని నేను రాయకూడదండి." దాంతో మాకు రావలసింది బాగా తగ్గింది. టైర్ల కొట్టాయనకి అన్నిటికీ వస్తోంది. అయినా ఆవిడ మీద కోపం రాలేదు. సర్కారు మనిషి అంత ఓపిగ్గా బురదలో చెయ్యి పెట్టడం నేను చూడటం ఇదే మొదలు.

పోతూపోతూ ఒక మాట అడిగింది. "ఇది కొట్టు మళ్ళీ నడిపేవాళ్ళకిచ్చే సాయం, మూసేసి పోయేవాళ్ళకి కాదు. నడుపుతారా?"

నా జేబులో నీ ఉత్తరముంది. "నడుపుతాం" అన్నాను. అనేసి, ఆవిడిచ్చిన కాయితం మీద సంతకం పెట్టాను.

ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇమ్మని చెప్పు. బావకి కోపమొస్తే చొక్కాలు పంపమను. డబ్బులు తీసుకోకుండా ఇస్త్రీ చేస్తాను.

నీ తమ్ముడు

వదినా,

మీ తమ్ముడు ఈ కవరు అంటించకుండా పోస్టు చెయ్యమని నా చేతికిచ్చారు. చదివాను. తప్పే. ఉద్యోగం సంగతి నాకు ఇందులోనే తెలిసింది. కోపం రాలేదు.

ఆయన మీకు రాయనిది ఒకటుంది. నీళ్ళు తగ్గాక ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. అన్నం పెడితే ముట్టలేదు, పిలిస్తే పలకలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నా నన్ను చూసేవారు కాదు. పగలూ రాత్రీ ఆ బురదకేసే చూపు.

ఏదీ కదపొద్దన్నది నేనూ విన్నాను వదినా. ముట్టుకుంటే డబ్బు తగ్గుతుందని నాకూ తెలుసు. ఆగితే డబ్బు దక్కేది, మనిషి దక్కడేమోనని భయమేసింది. ఒక పెద్ద దుప్పటి నీళ్ళలో ముంచి, "ఒక్కదాన్నే పిండలేను, ఆ కొస పట్టుకోండి" అన్నాను. చాలాసేపు కదల్లేదు. నేనూ వదల్లేదు. చివరికి లేచి వచ్చి పట్టుకున్నారు. రెండు మెలికలు తిప్పాక నోరు విప్పారు, మతిపోయిందా నీకని. ఆ తిట్టు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక బట్టలన్నీ తీసి తొట్లో పడేశాను.

ఆఫీసరమ్మ ఎందుకాగలేదని అడిగితే, ఆయన ఎదురుగా ఇదంతా ఏం చెప్పను? మురికి పడదన్నాను. మీరూ ఆయనకి చెప్పకండి. నాకు శుభ్రం పిచ్చనే అనుకోనివ్వండి.

మీ మరదలు